బావి గట్టున నిలబడ్డవాడు

ఔలాద్ హలీమ్
9 అక్టోబర్ 1998

జిలానీకి,

నీ అక్క సాల్హా రాస్తున్నది. సలాం అని మొదలుపెట్టడానికి చెయ్యి రాలేదు. అందుకే ఉత్త పేరుతో మొదలుపెట్టాను.

నిన్నటితో అమ్మార్‌కి నలభయ్యో రోజు అయిపోయింది. ఆయన అన్న, మా బావగారు బూజెమా గొర్రెను కోయించారు. కుస్కుసు వండి ఊరందరికీ పెట్టాం. తిన్నవాళ్లంతా చేతులు కడుక్కుంటూ నీ పేరే ఎత్తారు. నేను తల ఎత్తలేదు.

అమ్మ పోయేనాటికి నీకు ఆరేళ్లు. నా వీపున మోసి పెంచాను నిన్ను. నా పెళ్లినాడు నువ్వు ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకుంటే "వాణ్ణి కూడా బండెక్కించండి, మాతోనే ఉంటాడు" అన్నది అమ్మారే. అప్పటి నుంచి ఇరవై ఏళ్లు ఆయన రొట్టె తిన్నావు.

నేను అడిగేది ఒక్కటే. ఆయన బావిలో స్పృహ తప్పి పడ్డప్పుడు గట్టు మీద తాడు పట్టుకుని ఉన్నది నువ్వు. నువ్వు దిగలేదు. దిగబోయిన నా కొడుకు వజ్దీని పశువును కట్టినట్టు ఆలివ్ చెట్టుకి కట్టేశావు. పోనీ అనుకుందాం. కూడలిలో కొట్టు ఉంది, కొట్లో టెలిఫోను ఉంది. పట్నంలో రక్షకదళం ఉంది, మొహానికి గాలి గొట్టం తగిలించుకుని ఎలాంటి గోతిలోకైనా దిగేవాళ్లు ఉన్నారు. మధ్యాహ్నం నమాజు పిలుపు వినబడుతుండగా ఆయన పడ్డాడు. సాయంత్రం పిలుపు కూడా అయిపోయాక, దారినపోయే లారీవాడెవడో కబురు అందిస్తేనే వాళ్లు వచ్చారు. అప్పటికింకేముంది?

వాకిట్లో నిలబడి నీతో చెప్పాను కదరా, పరిగెత్తమని! ఎందుకు పోలేదు?

జవాబు రాస్తే రాయి, లేకపోతే మానెయ్యి.

సాల్హా


జైలు నుంచి
20 అక్టోబర్ 1998

సాల్హా అక్కకు,

నీ నుదుటి మీద ముద్దు పెట్టి రాస్తున్నాను. తుడిచేసుకుంటావని తెలుసు.

ముందు ఒక మాట. ఈ ఉత్తరం నీకంటే ముందు ఇక్కడి ఆఫీసరు చదువుతాడు. నువ్వు రాసేదీ నాకంటే ముందు ఆయనే చదువుతాడు. కొన్ని మాటల కింద గీతలు గీస్తాడు కూడా. ఏది రాసినా అది మనసులో పెట్టుకుని రాయి.

బుధవారం బుట్ట అందింది. మిరపముద్ద, ఉడకేసిన గుడ్లు, మట్టిపెనం రొట్టె. రొట్టె ఒకవైపు మాడింది, అయినా ఒక్క ముక్క ఎవరికీ పెట్టకుండా తిన్నాను. నన్ను తిట్టుకుంటూనే నాకోసం పొయ్యి ముట్టించావు చూడు, ఆ రాత్రి కాస్త నిద్ర పట్టింది.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. నీళ్లు బాగా లోతుకు పోయాయని ఆ వారమే డీజిల్ పంపును బావి లోపలి అరుగు మీదికి దించాం. పొద్దుటి నుంచి ఆడి ఆడి ఆగిపోయింది. "పొగ పోనీ బావా, కాసేపు ఆగు" అన్నాను. "మిరపతోట ఎండిపోతుంటే నీ పొగ కోసం కూర్చోనా? పట్టుకో తాడు" అన్నాడు. నడుముకి కట్టి దించాను. కింద పంపు దగ్గర తాడు అడ్డం వస్తోందని ఆయనే విప్పేశాడు. రెండుసార్లు పిలిస్తే పలికాడు. మళ్లీ పిలిస్తే పలకలేదు. తాడు లాగితే ఉత్తదే పైకొచ్చింది. లాంతరు వెలిగించి దింపాను. సగం దూరం కూడా పోకుండానే ఆరిపోయింది.

దీపం నిలవని చోట మనిషీ నిలవడు అక్కా. వజ్దీ అప్పటికే గట్టు మీద కాలు వేశాడు. "నాన్నా, నాన్నా" అని ఒకటే అరుపు. వాణ్ణి కిందపడేసి, మీద కూర్చుని, చెట్టుకి కట్టాను. కట్టకపోతే నీ ఇంటి నుంచి ఒకే రోజు రెండు పాడెలు లేచేవి. ఈ ఒక్కదానికి నేను ఎవరికీ క్షమాపణ చెప్పను, నీకు కూడా.

టెలిఫోను సంగతి అడిగావు. జడ్జికి చెప్పిందే నీకూ చెబుతున్నాను. నాకు తోచలేదు.

వజ్దీ మణికట్టు మీద తాడు ఒరుసుకుపోయిన గాయం మానిందా? నా మేనకోడలు దొర్రా బడికి పోతోందా?

నీ తమ్ముడు
జిలానీ


ఔలాద్ హలీమ్
2 నవంబర్ 1998

జిలానీకి,

నేను నీకు ఏ బుట్టా పంపలేదు. రొట్టె కాల్చలేదు, గుడ్లు ఉడకెయ్యలేదు. నీకోసం పొయ్యి ముట్టించే ఆడది వేరే ఎవరో ఉన్నట్టుంది. మాకు చెప్పకుండా అంతవరకూ వచ్చావన్నమాట. సంతోషం.

తోచలేదట! నా నోటితో నేను చెప్పిన మాట నీకు తోచకపోవడమేమిటి? విచారణ జడ్జి పిలిస్తే పోయి అదే చెప్పాను. "నేను పరిగెత్తమన్నాను, వాడు పోలేదు." ఆయన పక్కనున్న గుమాస్తా టకటకా టైపు కొట్టాడు. కింద సంతకం పెట్టాను. బయటికి వచ్చాక బావగారు అన్నారు, "తోచకపోవడం కాదమ్మాయ్, బాగా తోచింది కాబట్టే పోలేదు వాడు" అని. దాని అర్థమేమిటో అడగలేదు. ఇంకా వినే ఓపిక లేదు.

మిరపతోట పూర్తిగా పోయింది. గొర్రెల్ని వదిలితే మొదళ్లు కూడా మేసేశాయి. బావి చుట్టూ పోలీసు గార్డులు ఎవరూ రాకుండా పట్టీ కట్టిపోయారు. అనుమతి లేకుండా తవ్విన బావి కదా, కేసు తేలేదాకా ఉంచి తర్వాత మూసేస్తారట. ఏ నీళ్ల కోసం ఆయన పోయాడో ఆ నీళ్లు కూడా ఉండవు. పొలాలకు పోయే ఆడవాళ్లు మా వాకిలి దాటేటప్పుడు మాటలు ఆపేస్తున్నారు.

దొర్రా బడికి పోతోంది. వజ్దీ నాతో రెండు మాటలు మించి మాట్లాడడు. గాయం మానింది, మచ్చ ఉంది.

సాల్హా


జైలు నుంచి
15 నవంబర్ 1998

సాల్హా అక్కకు,

బుట్ట నీది కాదని తెలిశాక ఆ వారం రొట్టె పక్కవాళ్లకి పంచేశాను. తెచ్చేదెవరో మాకు చెప్పరు. ద్వారం దగ్గర నా పేరు చెప్పి ఇస్తారు, లోపలికి వస్తుంది, అంతే. ఆడది అన్నావు. నా మొహానికా? ఎవరైనా ఉంటే నీకు తెలియకుండా ఉంటుందా?

ఇక్కడ ఒక గదిలో ముప్ఫైమందిమి. వచ్చిన రోజే షద్లీ అని ఒక గొర్రెల దొంగ అడిగాడు.

"ఏం చేశావురా?"

"ఏమీ చెయ్యలేదు."

"ఇక్కడ అందరం అనేది అదేలే. అసలు సంగతి చెప్పు."

"నిజంగానే ఏమీ చెయ్యలేదు. అందుకే పెట్టారు."

గదంతా పడిపడి నవ్వారు. అప్పటినుంచి నా పేరే ఏమీ చెయ్యనివాడు. రొట్టెలు పంచేటప్పుడు "ఏమీ చెయ్యనివాడికి ఒకటి" అని కేకేస్తాడు షద్లీ. మొదట్లో మండేది. ఇప్పుడు పలుకుతున్నాను.

ప్రభుత్వం నాకొక వకీలమ్మను ఇచ్చింది. నాజియా అని, చిన్న వయసే. "నువ్వు బావిలో దిగలేదని ఎవరూ నిన్ను శిక్షించలేరు" అంది. "నీ ప్రాణం పోతుందంటే దిగనక్కర్లేదని చట్టమే చెబుతోంది. కానీ సాయం చేయడం రెండు రకాలు. నువ్వే చెయ్యడం ఒకటి, చేయగలిగినవాళ్లను పిలవడం ఇంకొకటి. పిలిస్తే నీ ప్రాణానికేం ముప్పయ్యా? చచ్చిపోతున్నాడని తెలిసీ ఎందుకు పిలవలేదో చెప్పు."

"తోచలేదమ్మా."

"ఎవరైనా వద్దన్నారా?"

"లేదు."

కలానికి మూత పెట్టి, కాగితాలు సంచిలో సర్దుకుని లేచింది.

అక్కా, నువ్వు జడ్జికి ఏం చెప్పావో అదే ఉండనీ. ఇంకెవరు అడిగినా అదే చెప్పు. మార్చకు.

నీ తమ్ముడు
జిలానీ


ఔలాద్ హలీమ్
6 డిసెంబర్ 1998

జిలానీకి,

మార్చకు అని రాశావేం? ఉన్నది చెప్పాను, మార్చడానికి ఏముంది?

నీ బుట్ట సంగతి తేలింది. వజ్దీ! బుధవారాలు ఆలివ్ కాయల కోతకు పోతున్నానని చెప్పి, గొర్రెల పాక వెనక రెండు రాళ్ల మధ్య మంట పెట్టి, నా మట్టిపెనం మీద రొట్టె కాల్చుకుని, పట్నం బస్సెక్కుతున్నాడు. మొన్న నా కంటపడ్డాడు. చేతిలో బుట్ట.

చెంప మీద కొట్టాను. పంతొమ్మిదేళ్లవాణ్ణి.

"నీ తండ్రిని చంపినవాడికి రొట్టెలు మోస్తావా?"

"నన్ను బతికించినవాడికి మోస్తున్నా."

"టెలిఫోను దగ్గరికి పోకుండా మీ నాన్నను చంపాడు వాడు!"

వాడు బుట్ట కింద పెట్టాడు. "అమ్మా, మామ వాకిట్లోకి వచ్చినప్పుడు నువ్వేమన్నావు?" అని అడిగాడు.

"పరిగెత్తరా అన్నాను."

"ఎక్కడికి పరిగెత్తమన్నావు?"

నేను చీపురు తీసుకున్నాను. వాడు బుట్ట తీసుకుని పోయాడు. ఆ రాత్రి ఇంటికి రాలేదు, బస్సు తప్పిపోయిందట.

ఎక్కడికి పరిగెత్తమనడమేమిటి? ఫోను దగ్గరికి కాక ఎక్కడికి? వాడు చెట్టుకు కట్టేసి ఉన్నాడు, వాడికేం వినబడుతుంది? అయినా అడుగుతున్నాను, నేనేమన్నాను? ఉన్నది ఉన్నట్టు రాయి. నాకు ఆ రోజంతా పొగ పట్టినట్టుంది. పొయ్యి గుర్తుంది, నీ మొహం గుర్తుంది, పరిగెత్తు అని అరవడం గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు.

సాల్హా


జైలు నుంచి
14 డిసెంబర్ 1998

సాల్హా అక్కకు,

ఫోను దగ్గరికే పరిగెత్తమన్నావు. నేనే పోలేదు. వజ్దీ అప్పుడు పిచ్చివాడిలా అరుస్తున్నాడు, వాడి అరుపు వాడికే వినబడి ఉంటుంది. వాడి మాట పట్టించుకోకు.

వాణ్ణి కోర్టుకు మాత్రం రానివ్వకు. సాక్షిగా పిలవమని అడగవద్దని వకీలమ్మకు కూడా చెప్పాను. తండ్రి చావు గురించి నలుగురి ముందు వాడిచేత చెప్పించడం నాకిష్టం లేదు. ఇది నా కోరిక అనుకో.

వాణ్ణి కొట్టకు. రొట్టె ఇప్పుడు బాగా కాలుస్తున్నాడు.

చలి మొదలైంది. మా గదికి కిటికీ ఒకటే, అదీ ఎత్తున. షద్లీ భుజాల మీద ఎక్కి చూస్తే అవతల ఒక ఆలివ్ తోట కొస కనబడుతుంది. ఈ ఏడు కాపు బాగానే ఉన్నట్టుంది. మనవైపు ఎలా ఉంది?

జిలానీ


ఔలాద్ హలీమ్
27 డిసెంబర్ 1998

జిలానీకి,

రంజాన్ మొదలై వారమైంది. ఉపవాసం విడిచేవేళ ఆయన కూర్చునే చోట ఎవరూ కూర్చోవడం లేదు. సూపు నాలుగు గిన్నెల్లో పోసి, ఒకటి మళ్లీ కుండలో ఒంపేస్తున్నాను.

నీ ఉత్తరం చదివినకొద్దీ నాకు భయం వేస్తోంది. వజ్దీని కోర్టుకు రానివ్వొద్దంటున్నావు. వాడు ఏం చెబుతాడని నీ భయం? నన్ను మార్చొద్దంటావు, వాణ్ణి రానివ్వొద్దంటావు, నీ వకీలమ్మకి ఏమీ చెప్పవు. ఏం దాస్తున్నావు?

నిన్న బావగారు వచ్చి కూర్చున్నారు. "మొన్న బక్రీదు గుర్తుందా అమ్మాయ్?" అన్నారు. గుర్తులేకేం. కుస్కుసులో ఉప్పు ఎక్కువైందని అమ్మార్ అందరి ముందూ నా చెంప పగలగొట్టాడు. నువ్వు లేచి ఆయన చొక్కా పట్టుకుని, "ఇంకోసారి అక్క మీద చెయ్యి పడితే నీ బావిలోనే పడేస్తా" అన్నావు. బావగారు అక్కడే ఉన్నారు. కోర్టులో ఆ మాట చెబుతానంటున్నారు.

నేను ఆయన్ని వద్దనలేదు. ముందు నిన్ను అడుగుదామని రాస్తున్నాను.

జిలానీ, నిజం చెప్పు. తోచకపోవడం కాదు కదా? కావాలనే ఆలస్యం చేశావా? నాకోసం చేశావా?

అలా చేసి ఉంటే నేనెక్కడికి పోయి మొహం దాచుకోను? నా చెంప దెబ్బకి ఒక ప్రాణం అడిగానా నిన్ను?

సాల్హా


జైలు నుంచి
6 జనవరి 1999

అక్కా,

నీకు అలా అనుకోవడం తేలికగా ఉంటే అలాగే అనుకో.

ఇక ఉత్తరాలు వద్దు. విచారణ వచ్చే నెల తొమ్మిదిన. దొర్రాకి పండగ బట్టలు కుట్టించు, నల్లవి వద్దు.

జిలానీ


ఔలాద్ హలీమ్
11 ఫిబ్రవరి 1999

ఆఫీసరుగారూ, ఈ ఉత్తరం ముందు మీరు చదువుతారని నాకు తెలుసు. చదవండి. గీతలు గీయాలంటే గీయండి. చదివాక మా తమ్ముడికి ఇవ్వండి.

జిలానీ, నాన్నా,

రెండేళ్లు వేశారు. జడ్జి చదువుతుంటే నువ్వు బూట్లు చూసుకుంటూ నిలబడ్డావు. ఆ బూట్లు అమ్మార్‌వి. అంతకుముందు గమనించలేదు.

బావగారు బక్రీదు మాట చెప్పారు. వకీలమ్మ లేచి, "కోపంలో అనే మాటలకు కేసులు పెడితే ఈ ఊళ్లో బయట ఎవరూ మిగలరు" అంది. జడ్జి కూడా దాన్ని పక్కన పెట్టేశాడు. రక్షకదళం నుంచి వచ్చినాయన, "మొదట్లోనే పిలిచి ఉంటే బతికేవాడని చెప్పలేను, బతికేవాడు కాదనీ చెప్పలేను" అన్నాడు.

అప్పుడు జడ్జి నిన్ను అడిగాడు. "టెలిఫోను చెయ్యవద్దని ఎవరైనా చెప్పారా?"

నువ్వు తల తిప్పి నన్ను చూశావు. ఎంతోసేపు కాదు, రెప్పపాటు. తర్వాత ఆయనవైపు తిరిగి "లేదండి" అన్నావు.

ఆ చూపుతో అంతా తిరిగొచ్చింది. ఆ రోజు వాకిట్లో కూడా అలాగే చూశావు నన్ను.

నేను మట్టిపొయ్యి దగ్గర ఉన్నాను. మోచేతుల దాకా పిండి. నువ్వు పరిగెత్తుకొచ్చి "బావ పలకడం లేదు, కూడలికి పోయి ఫోను చేసొస్తా" అన్నావు. నేను "నీకేమైనా పిచ్చా? వాళ్లొస్తే బావికి సీలు వేస్తారు. ఆయన లేచాక నన్ను చంపేస్తాడు. బూజెమా బావగారి ఇంటికి పరిగెత్తు, ట్రాక్టరు తెమ్మను, తాడేసి లాగుదాం, పరిగెత్తు!" అన్నాను.

ఆయన లేచాక అన్నాను జిలానీ. లేస్తాడనే అనుకున్నాను. ఎండకి కళ్లు తిరిగి ఉంటాయనుకున్నాను. నువ్వు అటు తిరిగావో లేదో, రొట్టె మాడుతోందని నేను పొయ్యివైపు తిరిగాను. ఆ రోజు రొట్టెలు తీసి, బట్ట కప్పి, అప్పుడు బావి దగ్గరికి వచ్చాను.

ఇన్ని నెలలూ నువ్వు జైల్లో ఉండి నా మాట దాచావు. నేను బయట ఉండి నిన్ను తిట్టాను. కావాలనే చంపావా అని కూడా అడిగాను. ఆ ఉత్తరం చింపెయ్యి.

పై కోర్టుకు పోతున్నామని వకీలమ్మ చెప్పింది. అక్కడ నేను లేచి చెబుతాను.

నీ అక్క


జైలు నుంచి
19 ఫిబ్రవరి 1999

అక్కా,

చెప్పకు. చేతులు పట్టుకుని అడుగుతున్నాను, చెప్పకు. ఆఫీసరు నీ ఉత్తరం ఇస్తూ, "మీ అక్కను నోరు మూసుకోమని రాయి, నేనింకా ఏమీ చదవలేదు" అన్నాడు. మంచివాడు. ఒక్క గీతా గీయలేదు.

దొర్రాకి తొమ్మిదేళ్లు. తండ్రి మట్టిలో ఉన్నాడు, మేనమామ జైల్లో ఉన్నాడు. తల్లిని కూడా గార్డులు తీసుకుపోతే బూజెమా ఇంట్లో గిన్నెలు కడుగుతూ పెరగాలా?

నువ్వు చెప్పి నన్ను కాపాడగలనని అనుకుంటున్నావు. నీకు తెలియనిది ఒకటుంది. ఇది దాచడానికే నిన్ను దాచానేమో అని నాకే అనుమానం.

దీపం ఆరడం నువ్వు చూడలేదు. నేను చూశాను. ఆయన లేవడని నాకు తెలుసు, నీకు తెలియదు. "కళ్లు తిరగడం కాదు అక్కా, చచ్చిపోతున్నాడు" అని నీతో ఒక్క మాట అనాల్సింది. అంటే నువ్వే పిండి చేతులతో కూడలికి పరిగెత్తేదానివి. అనలేదు. నువ్వు వద్దన్నప్పుడు నాకు ఊపిరి వచ్చినట్టయింది. ఆ బావి తవ్వింది నేను. ఆ చుట్టుపక్కల దొంగచాటున తవ్వినవన్నీ నా చేతి బావులే. అధికారులు వస్తే అడిగే మొదటి మాట, తవ్విందెవరు అని. నీ మాట దొరికింది, దాని వెనక నక్కాను. మాట నీదే. కాళ్లు నావి.

ఇంకోటి. బూజెమా ఇంటికి పోయే దారి ఎటునుంచో నీకు తెలుసు. కూడలి మీదుగానే. ఆ కొట్టు ముందునుంచే పరిగెత్తాను. తలుపు తీసి ఉంది. గల్లా పక్కన టెలిఫోను కనబడింది. కొట్టువాడు "ఏమైందిరా, అలా పరిగెడుతున్నావ్?" అని కూడా అడిగాడు. "ఏం లేదు" అన్నాను.

రెండేళ్లంటే ఎంత? ఉండి వస్తాను. నువ్వు కోర్టుకు రాకు.

జిలానీ


రెగెబ్
2 మే 1999

జిలానీకి, నీ అక్క సాల్హా రాసేది. చిరునామా చూశావు కదా, ఊరు మారాను.

నీ మాట వినలేదు. పై కోర్టులో ఏం జరిగిందో నువ్వూ చూశావు, కానీ నిన్ను ముందే తీసుకుపోయారు కాబట్టి తర్వాతది చెబుతాను. అక్కవి కాబట్టి ప్రమాణం చెయ్యక్కర్లేదన్నాడు జడ్జి. నేను చేస్తానన్నాను. చేసే చెప్పాను. నీ ముందు జరిగింది అంతే. నువ్వు పోయాక ఆయన బావగారిని పిలిచి, "ట్రాక్టరు తెచ్చి సాయంత్రం దాకా అక్కడే ఉన్నది మీరే కదా, మరి మీరెందుకు ఫోను చెయ్యలేదు?" అని అడిగాడు.

"చిన్నవాళ్లు చేసే ఉంటారనుకున్నానండి" అన్నారు బావగారు.

"అడిగారా?"

 టోపీ తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డారు. మనిషి ఒక్కసారిగా ముసలివాడైపోయాడు. అప్పుడు అర్థమైంది నాకు, అందరికంటే ముందు ఆయన నీ మీద ఫిర్యాదు రాయించడానికి ఎందుకు పరిగెత్తారో. ఆయన మీద కేసు పెట్టలేదు. ఎందుకో తెలియదు, అడగలేదు.

నీ రెండేళ్లూ ఏడాదికి తగ్గాయి. నా మీద వేరే కేసు పెట్టి ఆరునెలలు వేశారు, కానీ జైలుకి పోనక్కర్లేదు. ఇంకో తప్పు చేస్తే అప్పుడు ఇవి కూడా కలుపుతారట. వకీలమ్మ ఇది మంచి తీర్పు అంది. అందరితో చేయి కలిపింది. నాకు మాత్రం తీర్పు చెప్పినట్టు అనిపించలేదు. రక్షకదళం ఆయన మాటే చెవిలో ఉంది. బతికేవాడని చెప్పలేను, బతికేవాడు కాదనీ చెప్పలేను. దీనికి పై కోర్టు ఏముంది?

బావి మూసేశారు. సిమెంటు లారీ వచ్చి ఒక పూటలో పని కానిచ్చి పోయింది. పంపును పైకి తియ్యనే లేదు. అమ్మార్ వాళ్లవైపు వాళ్లు నన్ను పొమ్మని అనలేదు. కాని నేను వెళ్తే నీళ్ల బిందె దగ్గర నుంచి లేచిపోయేవాళ్లు. అందుకని దొర్రాను తీసుకుని ఇక్కడికి వచ్చేశాను. ఒక గది. మిరపకాయలు ఏరి పెట్టెల్లో సర్దే షెడ్డులో పని. చేతులు మండుతాయి, అలవాటైంది.

వజ్దీ స్ఫాక్స్ రేవుకి పనికి వెళ్లాడు. పోయేముందు, "నువ్వు చెప్పినందుకు నీ మీద కోపం తగ్గింది, ఆ రోజు అన్నందుకు తగ్గలేదు" అన్నాడు. నిజమే చెప్పాడు. దొర్రాకి బొమ్మల కార్డులు పంపుతాడు. వెనక నా పేరు ఉండదు.

నీ మీద నాకు కోపం ఉందా అని అడిగించావు వకీలమ్మతో. ఉంది. కొట్టు ముందునుంచి పరిగెత్తానని రాశావు చూడు, ఆ ముక్క చదివిన రోజు నిన్ను కనడానికి ముందే అమ్మ పోయి ఉంటే బాగుండేదనుకున్నాను. మర్నాడు నీకు స్వెట్టరు అల్లడం మొదలుపెట్టాను. రెండూ నిజమే. గురువారం ములాఖత్‌కి వస్తాను. ఏం మాట్లాడుకుంటామో తెలియదు. మాట్లాడకపోయినా వస్తాను.

ఇక్కడి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. మొన్న శుక్రవారం వెనక వీధిలో ఒక ఇంటి మీద పొగ లేచింది. నల్లగా, దట్టంగా. నేను చెప్పుల్లేకుండా పరిగెత్తాను. మంట ఎక్కడో, ఎవరి ఇల్లో కూడా చూడలేదు. ముందు టెలిఫోను కొట్లో దూరి రక్షకదళానికి చేశాను. గంట కొట్టుకుంటూ ఎర్రబండి వచ్చింది. తీరా చూస్తే ఆ ఇంటి ముసలాయన పెరట్లో ఆలివ్ కొమ్మలు తగలబెడుతున్నాడు. పైపులు పట్టుకుని దూకినవాళ్లను చూసి, "కాఫీ తాగుతారా?" అన్నాడు. వీధంతా విరగబడి నవ్వారు. దొర్రా సిగ్గుతో నా వెనక దాక్కుంది.

దళం పెద్దాయన నా పేరు రాసుకున్నాడు.

"ఇంకోసారి ఊరికే పిలిచావంటే కేసు పెడతామమ్మా."

"పెట్టండి" అన్నాను. "ఇంతకుముందు పిలవనందుకు పెట్టారు. దానికంటే ఇది నయం."

ఆయనకు అర్థం కాలేదు. పిచ్చిదేమో అన్నట్టు చూసి బండెక్కాడు. అప్పటినుంచి వీధిలో పిల్లలు నన్ను చూస్తే గంట కొట్టినట్టు అరుస్తున్నారు. అరవనీ. పక్కింట్లో పసిబిడ్డ గుక్కపట్టి ఏడ్చినా లేచి కూర్చుంటున్నాను. ఫోనుకు కావలసిన చిల్లర కొంగున ముడివేసుకుని తిరుగుతున్నాను. పడుకునేటప్పుడు ఒరుసుకుంటుంది. అయినా విప్పను.

నీ అక్క
సాల్హా